పెళ్ళి వీడియో ఫైలు ఓపెన్ అవట్లేదు: సైజు 7.5 జీబీ, నిడివి మాత్రం 00:00

గోదారి_గట్టు | శనివారం రాత్రి 9:14

అందరికీ నమస్కారమండి. మొన్న బుధవారం భీమవరం దగ్గర మా ఊళ్ళో మా చెల్లి పెళ్ళి జరిగింది. ముహూర్తం రాత్రి 2:40కి. మండపానికి ఎదురుగా స్టాండు మీద పెట్టిన కెమెరాని 2:35కి ఆన్ చేసి, జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఆపకుండా ఒకే క్లిప్పుగా తీశారు. ఆ కెమెరాకి బ్యాటరీ బదులు కరెంటు అడాప్టరు తగిలించారట. తలంబ్రాలు పోసుకుంటుండగా కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోపు కెమెరా ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేసి మిగతాది తీశారు.

ముందు తీసిన క్లిప్పులు, తర్వాత తీసినవి అన్నీ బాగున్నాయి. ఈ ఒక్కటే ఆడట్లేదు. మాంగల్యధారణ అంతా ఇందులోనే ఉందండి. రెండో కెమెరా అతను ఆ టైములో చుట్టాల వైపు తిప్పుతున్నాడు, అందులో అమ్మాయి ముఖం కూడా సరిగ్గా పడలేదు.

వీఎల్‌సీలో పెడితే ఒక్క క్షణం తెరుచుకుని ఆగిపోతోంది. ఫోనులో ఎంఎక్స్ ప్లేయర్ ఆడించలేనంటోంది. ఫైలు పేరు చివర ఎంపీ4 తీసేసి ఏవీఐ అని మార్చి చూశాను, అదే పరిస్థితి. నెట్‌లో దొరికిన ఒక రిపేరు సాఫ్ట్‌వేరు కాసేపు తిరిగి, చిన్న ముక్క చూపించి, మిగతాది కావాలంటే డబ్బు కట్టమంది. వీడియో తీసినాయన ఫైలు కరప్ట్ అయిపోయింది, ఇక రాదు అంటున్నాడు. అమ్మకి ఇంకా చెప్పలేదు. దారేదైనా ఉంటే చెప్పండి.

ఓరుగల్లు_ఎడిటర్ | 9:26

మిగతావన్నీ తర్వాత. ముందు ఒక్కటి చెప్పు తమ్మీ, ఆ మెమరీ కార్డు ఇప్పుడు ఎక్కడుంది? వీడియోగ్రాఫర్లకు వరసబెట్టి ముహూర్తాలుంటయి. రేపు పొద్దున ఇంకో పెళ్ళిల ఆ కార్డు ఫార్మాట్ చేసి వాడేస్తడు. ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఎస్‌డీ కార్డు అయితే పక్కన చిన్న లాక్ మీట ఉంటది, అది కిందికి జరిపి కవర్ల పెట్టి ఇయ్యమను. అవసరమైతే కొత్త కార్డు నువ్వే కొనియ్యి.

లాప్‌టాప్‌ల కాపీ ఉన్నది కదా అనుకోకు. ఆ కాపీ పూర్తిగా దిగిందో లేదో మనకింకా తెల్వది.

కృష్ణా_తీరం | 9:31

వీఎల్‌సీలోనే రిపేరు ఆప్షన్ ఉంటుంది కదండీ? ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్, కోడెక్స్ అనే చోట, పాడైన ఫైళ్ళని ఎప్పుడూ సరిచెయ్యి అని పెడితే ఆడుతుంది. నా పాత సినిమా ఫైళ్ళు చాలా అలా బాగయ్యాయి.

బిట్_బై_బిట్ | 9:48

కృష్ణా_తీరం గారూ, మీరు చెప్పిన ఆప్షన్ నిజమే, కానీ అది ఏవీఐ ఫైళ్ళకే. ఏవీఐలో చివర ఒక ఇండెక్స్ ఉంటుంది. అది పోయినా, లోపల ప్రతి ముక్క ముందూ అది బొమ్మో శబ్దమో, ఎంత పొడవో రాసి ఉంటుంది. మొదటి నుంచి చదువుకుంటూ పోతే ఇండెక్స్ మళ్ళీ కట్టుకోవచ్చు. వీఎల్‌సీ చేసేది అదే. ఎంపీ4 కథ వేరు.

గోదారి_గట్టు గారూ, పేరు చివరి అక్షరాలు మార్చినంత మాత్రాన లోపలి అమరిక మారదు. అసలు పేరే ఉంచండి. మీరు నాలుగు సంగతులు చెప్పాలి. ఏ రిజల్యూషన్‌లో, ఎంత బిట్‌రేటులో (అంటే సెకనుకి ఎంత డేటా) తీశారు? కార్డులో ఫైలు సైజు, లాప్‌టాప్‌లో సైజు ఒక్కటేనా? అదే రాత్రి అదే కెమెరాలో తీసిన వేరే క్లిప్పు ఒకటి మీ దగ్గర ఉందా? ఫైలుని హెక్స్ ఎడిటర్‌లో, అంటే లోపలి బైట్లని ఉన్నవున్నట్టు చూపించే ప్రోగ్రాంలో, తెరవగలరా? విండోస్‌కి హెచ్ఎక్స్‌డీ అని ఉచితంగా దొరుకుతుంది, పెద్ద ఫైళ్ళని కూడా ఇబ్బంది లేకుండా తెరుస్తుంది.

అందులో మూడు చూడండి. మొదటి వరసలో కుడివైపు ఎఫ్, టీ, వై, పీ అనే నాలుగక్షరాలు కనిపిస్తున్నాయా? వెతికే పెట్టెలో ఎం, ఓ, ఓ, వీ అని చిన్న అక్షరాల్లో కొడితే ఎక్కడైనా దొరుకుతోందా? ఫైలు మధ్యకీ, చివరికీ వెళ్ళి చూస్తే గజిబిజి అక్షరాలున్నాయా, లేక వరసగా సున్నాలేనా? ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం.

నల్లమల_నేస్తం | 9:55

సున్నాలుంటే ఏమవుతుంది?

బిట్_బై_బిట్ | 10:03

సున్నాలుంటే అక్కడ వీడియో లేదని అర్థం. ఏ సాఫ్ట్‌వేరూ లేనిదాన్ని తేలేదు. ఎంత డబ్బు కట్టినా అంతే. కార్డు మీద 128 జీబీ అని అచ్చేసి లోపల 16 జీబీ మాత్రమే ఉండే నకిలీ కార్డుల్లో ఇలా అవుతుంది. నిజమైన చోటు నిండాక కూడా కెమెరా రాస్తున్నాననే అనుకుంటుంది. ఫైలు పేరు ఉంటుంది, సైజు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. కొత్త కార్డు కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాంతో నిండా రాయించి, తిరిగి చదివించి చూసుకుంటే ఈ మోసం బయటపడుతుంది. లైనక్స్ వాళ్ళకి ఎఫ్3 ఉంది.

గోదారి_గట్టు | 11:20

అన్నా, మంచి మాట చెప్పారు. ఫోన్ చేసేసరికి ఆయన రేపటి ఫంక్షనుకి కార్డులు సర్దుకుంటున్నాడు. మా బావ బండి మీద వెళ్ళి తీసుకొచ్చాడు. లాక్ వేసి బీరువాలో పెట్టాం.

కార్డులో, లాప్‌టాప్‌లో సైజు బైటుతో సహా ఒక్కటే. బాగున్న క్లిప్పుని మీడియాఇన్ఫో అనే, ఫైలు వివరాలు చూపించే ప్రోగ్రాంలో చూస్తే 1920 బై 1080, సెకనుకి 25 ఫ్రేములు, దాదాపు 50 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు), ఆడియో పీసీఎం అని చూపించింది. హెక్స్‌లో మొదట ఎఫ్‌టీవైపీ ఉంది. కాస్త కింద ఎండీఏటీ అని కూడా ఉంది. ఎంఓఓవీ ఎంత వెతికినా దొరకలేదు. మధ్యలో, చివర్లో అన్నీ గజిబిజి అక్షరాలే, సున్నాల వరసలు లేవు. ఇది మంచికేనా?

బిట్_బై_బిట్ | 11:37

చాలా మంచికే. మీ చెల్లి పెళ్ళి ఆ ఫైల్లో ఉంది.

లెక్క చూడండి. 50 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 6.25 ఎంబీ, నిమిషానికి 375 ఎంబీ. 7.5 జీబీని దానితో భాగిస్తే 20 నిమిషాలు. 2:35కి మొదలుపెట్టారు, తలంబ్రాల దగ్గర కరెంటు పోయింది అన్నారు. సరిపోతోంది. అంటే కరెంటు పోయే క్షణం దాకా కెమెరా కార్డు మీద రాస్తూనే ఉంది.

పోయింది ఏమిటో చెబుతాను. ఎంపీ4లో బొమ్మలూ శబ్దమూ ఎండీఏటీ అనే పెట్టెలో ఉంటాయి. ఏ ఫ్రేము ఎక్కడ మొదలవుతుంది, ఎన్ని బైట్లు, ఏ క్షణంలో చూపించాలి, బొమ్మ వెడల్పెంత, ఏ ప్రొఫైల్‌తో కుదించారు అన్న వివరమంతా మూవ్ అనే పెట్టెలో, అంటే మీకు దొరకని ఆ ఎంఓఓవీలో, ఉంటుంది. చాలా కెమెరాలు ఈ మూవ్‌ని మనం స్టాప్ నొక్కాకే రాస్తాయి, ఎందుకంటే అప్పటిదాకా మొత్తం ఎన్ని ఫ్రేములో వాటికీ తెలియదు. స్టాప్ నొక్కే అవకాశం రాకముందే కరెంటు పోయింది. గోడౌను నిండా ధాన్యం బస్తాలున్నాయి, ఏ బస్తా ఎవరిదో రాసిన చిట్టా ఒక్కటే లేదు. వీఎల్‌సీ ఆ చిట్టా కోసం వెతికి, దొరక్క ఆగిపోతోంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాంతో తెరిచి చూస్తే మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్, అంటే మూవ్ పెట్టె దొరకలేదని సూటిగానే చెబుతుంది.

చిట్టా మళ్ళీ రాయాలి. అందుకు అన్‌ట్రంక్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అదే కెమెరాలో, అదే సెట్టింగులతో తీసిన బాగున్న క్లిప్పు ఒకటి మాదిరిగా ఇస్తే, దాని మూవ్ చూసి ఈ కెమెరా ఎలా రాస్తుందో తెలుసుకుంటుంది. తర్వాత మీ పాడైన ఫైలు మొదటి నుంచి నడుచుకుంటూ ఇది బొమ్మ, ఇది శబ్దం అని విడదీసి కొత్త చిట్టా కడుతుంది. ప్రోగ్రాంల కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటులో దాని ఫోర్క్, అంటే వేరేవాళ్ళు మార్చిన రూపం, ఒకటి ఉంది, పాతదానికంటే వేగం, పెద్ద ఫైళ్ళకి అదే మేలు. విండోస్‌కి బటన్లున్న వెర్షన్ కూడా దొరుకుతుంది. పైన బాగున్న ఫైలు, కింద పాడైన ఫైలు ఇచ్చి రిపేర్ నొక్కడమే. ఫలితం పేరు చివర ఫిక్స్‌డ్ అని చేరి కొత్త ఫైలుగా వస్తుంది, పాతది అలాగే ఉంటుంది. డిస్కులో కనీసం ఇంకో 8 జీబీ ఖాళీ ఉంచుకోండి. కార్డు మీద మాత్రం చేయకండి, కాపీ మీదే.

నల్లమల_నేస్తం | 11:44

డబ్బు కట్టమనే సాఫ్ట్‌వేర్లన్నీ మోసమేనా మరి?

ఓరుగల్లు_ఎడిటర్ | 11:58

అన్నీ మోసం అనను. కొన్ని మంచిగనే పనిచేస్తయి, నా స్టూడియోల నేను కూడా ఒకటి కొన్న. కానీ వాటిల చానా వరకు చేసే పని కూడా గిదే, మాదిరి క్లిప్పు అడుగుతయి, చిట్టా కడతయి. ఉచిత దారి ఉన్నప్పుడు ముందు అది చూడాలె. డబ్బు కట్టాల్సొస్తే, ముక్క చూపించిందని కట్టొద్దు. మొదటి పది సెకన్లు బాగొచ్చి మధ్యల చెడిపోయేవి ఉంటయి. మధ్య నుంచి, చివరి నుంచి చూపిస్తేనే కట్టు.

ఇంక ఆన్‌లైన్‌ల అప్‌లోడ్ చేస్తే బాగు చేస్తం అనే సైట్లు. ఇంటి ఆడపిల్ల పెళ్ళి ఫుటేజీ, ఎవరి సర్వర్ల పడతదో తెల్వకుండ పంపొద్దు. గది నా గట్టి మాట.

ఇంకొకటి. ఈసారికి కాదు గానీ ఇట్లయినప్పుడు మొట్టమొదలు చేయాల్సింది, కార్డు అదే కెమెరాల మళ్ళ పెట్టి ఆన్ చేసి చూడడం. గోప్రో, డీజేఐ డ్రోన్లు మధ్యల ఆగిన ఫైలును చూసి వాటంతట అవే సరిచేసుకుంటయి. సోనీ వాటిల సగంల ఆగినవి కొన్నిసార్లు ఆర్ఎస్‌వీ అనే పేరుతోని, కానన్‌ల డీఏటీ పేరుతోని ఉంటయి. తెలియక పనికిరాని ఫైలు అనుకుని డిలీట్ కొడతరు. అసలు ఫుటేజీ గండ్లనే ఉంటది.

పాలమూరు_పిలగాడు | ఆదివారం ఉదయం 7:40

ఇదే సందర్భంలో నాదో ప్రశ్న అన్నా. మా అక్క ఐఫోన్‌ల తీసిన వీడియో నా కంప్యూటర్‌ల శబ్దం వస్తుంది, బొమ్మ నల్లగ ఉంటుంది. ఇది కూడా చిట్టా పోయినట్టేనా?

కృష్ణా_తీరం | 7:52

కాదు తమ్ముడూ, నీ ఫైలుకేం కాలేదు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు హెచ్ఈవీసీ అనే కొత్త కుదింపు పద్ధతిలో తీస్తున్నాయి. నీ విండోస్‌లో దాన్ని విప్పే కోడెక్ లేదు. వీఎల్‌సీ వేసుకుంటే ఆడుతుంది. ఇకమీదట తీసేవాటికి ఫోన్ కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్ దగ్గర మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోమను. టీవీలో బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే అది తిరగేసిన సమస్య, టీవీకి ఆ ఆడియో రకం చేతకాదన్నమాట, డీటీఎస్ రకం శబ్దం ఉన్న ఫైళ్ళతో చాలా టీవీల్లో అంతే. శబ్దం ఒక్కటి ఏఏసీ రకంలోకి మార్చి, బొమ్మని ఉన్నదున్నట్టు కాపీ చేస్తే చాలు. మొత్తం వీడియో మళ్ళీ కుదించొద్దు, నాణ్యత పోతుంది.

గోదారి_గట్టు | మధ్యాహ్నం 12:15

అన్‌ట్రంక్ నడిపానండి. ఫైలు తెరుచుకుంది! కానీ బొమ్మ ఆకుపచ్చ గళ్ళు గళ్ళుగా విరిగిపోతోంది, శబ్దం అంతా గరగర. మధ్యమధ్యలో ఒక్కో క్షణం మండపం కనిపిస్తోంది. మాదిరిగా పెళ్ళికూతుర్ని చేసిన రోజు క్లిప్పు ఇచ్చాను, అదే కెమెరా.

బిట్_బై_బిట్ | 12:31

ఆ క్లిప్పుని మీడియాఇన్ఫోలో చూసి ఫ్రేములెన్నో చెప్పండి.

గోదారి_గట్టు | 12:38

50 అని ఉంది. పెళ్ళి రోజుది 25.

బిట్_బై_బిట్ | 12:50

కారణం అదే. హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన బొమ్మని విప్పడానికి కావలసిన మొదటి వివరాలు, ఎస్‌పీఎస్, పీపీఎస్ అంటారు, ఎంపీ4లో సాధారణంగా మూవ్ లోపలే ఉంటాయి. మాదిరి క్లిప్పు నుంచి అవే తీసుకుని మీ ఫైలుకి తగిలించింది. 50 ఫ్రేములకి రాసిన వివరాలతో 25 ఫ్రేముల బొమ్మని విప్పబోతే ఇలాగే విరుగుతుంది. శబ్దం సంగతి ఇంకా సున్నితం. పీసీఎం అంటే కుదించని శబ్దం, చూసి పోల్చుకోవడానికి దానికి ఆనవాలంటూ ఏమీ ఉండదు. ఎన్ని బైట్ల బొమ్మ తర్వాత ఎన్ని బైట్ల శబ్దం వస్తుందో ఆ లెక్క మీదే పట్టుకోవాలి. ఆ లెక్క కూడా మాదిరి నుంచే వస్తుంది.

అదే రాత్రి, ఈ ఫైలుకి సరిగ్గా ముందు తీసిన క్లిప్పు ఉంటుంది కదా, అది ఇవ్వండి. మరీ చిన్నదైతే తర్వాతది ఇవ్వండి. రెండు మూడు నిమిషాలకి తక్కువ కాకుండా చూసుకోండి. కాపీ మీద మొదటి నుంచి నడపండి, ఇప్పుడొచ్చిన ఫిక్స్‌డ్ ఫైలు మీద కాదు.

డాలస్_తెలుగింట | 1:20

ఈ చర్చ చూసి ధైర్యం వచ్చి అడుగుతున్నాను. మా పెళ్ళి 2003లో, గుంటూరులో. వీడియో సీడీలు మూడు ఇచ్చారు. ఇండియా నుంచి మొన్న తెచ్చుకున్నాం. కొత్త లాప్‌టాప్‌కి సీడీ డ్రైవు లేక యూఎస్‌బీ డ్రైవు కొన్నాను. ఒకటి బాగా కాపీ అయింది. రెండోది వీఎల్‌సీలో అక్కడక్కడా గళ్ళు పడుతూ ఆడుతోంది గానీ, కాపీ చేయబోతే సగంలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఆడేది కాపీ ఎందుకవదు? మూడోదాని లేబుల్ వైపు స్టిక్కరు ఊడి వచ్చింది.

ఓరుగల్లు_ఎడిటర్ | 2:05

నమస్తే మేడం. వీసీడీల మీద చానా పని చేసిన, ఆ రోజుల్ల మిక్సింగ్ అయినంక అందరికి గవే ఇచ్చేటోళ్ళం. 352 బై 288 బొమ్మ, ఎంపెగ్-1. ఒక సీడీల గంటకు కొంచెం ఎక్కువ పట్టేది.

మీ ప్రశ్నకు జవాబు ఆ సీడీ రాసిన తీరుల ఉన్నది. మామూలు డేటా సీడీల ఒక్కో సెక్టారుకు, అంటే సీడీల ఒక్కో చిన్న ముక్కకు, 2048 బైట్ల సరుకు, దానితోపాటు గీత పడితే సరిదిద్దుకునేటందుకు అదనపు బైట్లు ఉంటయి. వీసీడీల వీడియో సెక్టార్లకు ఆ అదనపు కాపుదల తీసేసి, ఆ చోటుల కూడా వీడియోనే నింపిన్రు, 2324 బైట్లు. గంట సినిమా పట్టాలె కదా. అందుకని చిన్న గీతకే గళ్ళు పడతయి. ప్లేయర్ చదవలేని ముక్క వదిలేసి ముందుకు పోతది. విండోస్ కాపీ మాత్రం ఒక్క ముక్క రాకున్నా మొత్తం ఆపేస్తది.

ముందు సీడీని గోరువెచ్చని నీళ్ళల్ల కడిగి, మెత్తటి బట్టతో నడుమ నుంచి అంచు దాకా నిటారుగ తుడువుండ్రి. గుండ్రంగ తుడవద్దు, గీత ట్రాకు వెంబడి పడితే ఇంకా నష్టం. తర్వాత ఐఎస్ఓబస్టర్ అనే సీడీ చదివే ప్రోగ్రాంతోని ఎంపెగవ్ ఫోల్డర్ల ఉన్న డీఏటీ ఫైలు తీయుండ్రి, రాని సెక్టారు దాటేసి ముందుకు పోతది. వేగం తగ్గించి చదివించుండ్రి. ఒక డ్రైవుల రానిది ఇంకో డ్రైవుల రావచ్చు, పాత డెస్క్‌టాప్ డ్రైవు దొరికితే ఇంకా మంచిది.

మూడోది... మేడం, సీడీల అద్దం లాంటి పొర లేబుల్‌కు ఆనుకొనే ఉంటది, పైన పలచటి పూత మాత్రమే. స్టిక్కరుతోని ఆ పొర ఎంత ఊడితే అంత పోయినట్టే. వెలుతురుకు పట్టి చూస్తే ఎక్కడ ఊడిందో తెలుస్తది. సీడీ నడుమ నుంచి బయటికి రాస్తరు, కాబట్టి బయటి అంచున ఊడితే ముందటి భాగం వస్తది. మిగిలిన స్టిక్కరును మాత్రం పీకొద్దు. ఆ కాలంల రెండు మూడు సెట్లు ఇచ్చేటోళ్ళు, మీ అత్తగారింటి వైపు అడిగి చూడుండ్రి.

గోదారి_గట్టు | సాయంత్రం 5:48

వచ్చిందండి!! ముందరి క్లిప్పు మాదిరిగా ఇచ్చాను. 19 నిమిషాల పైన వచ్చింది. జీలకర్ర బెల్లం, తెర తీయడం, మూడు ముళ్ళు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. చివర తలంబ్రాల్లో కొన్ని సెకన్లు లేవు. అమ్మకి ఇప్పుడే చూపించాను, మాకు మాటల్లేవు. మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు.

ఒక్క ఇబ్బంది. మాంగల్యధారణ దగ్గర నుంచి నిమిషం పాటు శబ్దం గరగరమంటోంది. బొమ్మ బాగానే ఉంది. గట్టిమేళం అక్కడే కదండీ.

బిట్_బై_బిట్ | 6:02

చాలా సంతోషం. ఆ నిమిషంలో శబ్దం లెక్క ఒక బైటు అటూ ఇటూ తప్పి ఉంటుంది. ప్రోగ్రాంలో సెట్టింగులు మార్చి సరిచేయవచ్చు గానీ, అంతకంటే తేలిక దారి ఓరుగల్లు అన్న చెబుతారనుకుంటా.

ఓరుగల్లు_ఎడిటర్ | 6:30

మనసు నిండింది తమ్మీ. శబ్దం కోసం కష్టపడకు. రెండో కెమెరా చుట్టాల వైపు తిరిగింది అన్నవు కదా, బొమ్మ పనికి రాకున్నా దాని శబ్దం పనికొస్తది. ఎల్ఈడీ తెర పెట్టిన్రా? ఆ మిక్సర్‌ల రికార్డింగ్ ఉండొచ్చు. యూట్యూబ్ లైవ్ ఇస్తే అదీ ఉంటది. ఏది మంచిగుంటే అది తీసుకో. ఎడిటింగ్‌ల రెండు ఆడియోలు కింద మీద పెట్టు, గట్టిమేళం మొదలైన తొలి డోలు దెబ్బ రెండిట్ల గోడ లెక్క లేచి కనిపిస్తది. అక్కడ కలుపు. గరగర ఉన్న నిమిషం తీసేసి రెండోదాని శబ్దం వెయ్యి.

ఎవరన్నా ఫోన్‌ల తీసిన వీడియో శబ్దం వాడితే ఒకటి చూసుకో. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని ఎక్కువ తక్కువ చేస్తయి, మొదట్ల కలిసింది పోను పోను పెదవులకు మాటకు తేడా వస్తది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రాంల కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ (ఒకటే వేగం) పెట్టి మార్చుకున్నంకనే ఎడిటింగ్‌ల వెయ్యాలె.

మీ వీడియో ఆయనకు కూడా నా మాటగా చెప్పు. అడాప్టరు మీద నడిపితే చిన్న యూపీఎస్ పెట్టుకోమను, రెండు కార్డుల కెమెరా అయితే రెండిట్ల ఒకేసారి రాసే సెట్టింగ్ పెట్టమను. కరెంటు పోతే రెండు ఫైళ్ళూ సగంల ఆగుతయి గానీ, కార్డు చెడిపోతే ఒకటన్న మిగులుతది. తంతుకు తంతుకు నడుమ ఒకసారి ఆపి మళ్ళ మొదలుపెడితే, పోయినా ఆ ముక్కనే పోతది.

నల్లమల_నేస్తం | 6:41

లైవ్ ఇచ్చేవాళ్ళు ఓబీఎస్ అనే రికార్డింగ్ ప్రోగ్రాంలో రికార్డు చేసినప్పుడు కంప్యూటరు ఆగిపోతే కూడా ఇలాగే అవుతుందా?

బిట్_బై_బిట్ | 6:55

మామూలు ఎంపీ4లో పెడితే ఇలాగే అవుతుంది. ఎంకేవీ అనే ఇంకో రకం ఫైలులో పెట్టుకోండి. ఎంకేవీ వివరాలని ముక్క ముక్కకీ వెంట రాసుకుంటూ పోతుంది, ఎక్కడ ఆగితే అక్కడిదాకా ఆడుతుంది. తర్వాత ఓబీఎస్ ఫైల్ మెనూలోనే రీమక్స్ రికార్డింగ్స్ అని ఉంది, నాణ్యత పోకుండా ఎంపీ4గా మారుస్తుంది. 2024లో వచ్చిన ఓబీఎస్ 30.2 వెర్షన్ నుంచి హైబ్రిడ్ ఎంపీ4 అని కూడా ఇచ్చారు, అదీ మధ్యలో ఆగితే తట్టుకునేలా చేసిందే.

డాలస్_తెలుగింట | రాత్రి 9:10

మూడోదాన్ని దీపానికి పట్టి చూశాను. ఊడింది బయటి అంచునే, వేలి గోరంత. ఐఎస్ఓబస్టర్ ఇప్పుడు రెండోదాన్ని చదువుతోంది, ఆగకుండా ముందుకు వెళ్తోంది. మా ఆడపడుచు దగ్గర ఇంకో సెట్టు ఉందట, తెనాలిలో. రేపు వాళ్ళబ్బాయి చేత ఫైళ్ళు తీయించమంటాను. మీరు చెప్పిన తుడిచే పద్ధతి కూడా రాసి పంపుతున్నాను.

ఓరుగల్లు_ఎడిటర్ | 9:22

మంచిది మేడం. రెండు సెట్లల్ల గళ్ళు ఒక్కదగ్గరనే పడవు. రెండు డీఏటీలు పక్కపక్కన పెట్టి, ఇందుల చెడ్డ ముక్క అందుల నుంచి తీసుకుంటే పూర్తి పెళ్ళి వస్తది. ఫైళ్ళు తీసినంక ఇక్కడనే చెప్పుండ్రి, ఎట్ల కలపాల్నో నేను రాస్త.